ముందు తెలుపు కుదరాలి

అమలాపురం

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

బండారులంక చీరలకు మీరు తీసిన ఫొటోలన్నీ చూశాను. మడత వేసిన తీరు, అంచు కనబడేలా పల్లూ పరిచిన తీరు నాకు చాలా నచ్చాయి. రంగు దగ్గరే మీతో మాట్లాడాలి. వంగపండు రంగు చీర ఫొటోలో గోధుమ వైపు జరిగింది. పక్కన పెట్టిన నరసాపురం లేసు నిజానికి తెల్లనిది, ఫొటోలో మీగడ రంగుకి తిరిగింది. ఆ ఫొటో నమ్మి కొన్నావిడ పార్శిల్ విప్పి, నేను అడిగింది ఇది కాదని తిప్పి పంపితే ఆ నష్టం చివరికి మగ్గం మీద కూర్చున్న మనిషికి తగులుతుంది. నూలుకు రంగు వేసినవాళ్లూ, నేసినవాళ్లూ ఏ పొరపాటూ చెయ్యలేదు. అందుకని కాస్త పొడుగైనా ఈ ఉత్తరం ఓపిగ్గా చదవండి.

తెలుపు పసుపెక్కిందంటే నా అనుమానం మీ మానిటర్ మీదే. అది నీలం ఎక్కువగా చూపిస్తోంది. చీర చేతిలో పట్టుకుని, తెరతో పోల్చుకుంటూ, ఫొటోలో పసుపు పెంచి ఉంటారు. మీ తెర మీద సరిపోయింది, అవతలివాళ్ల తెర మీద ఆ పెంచిన పసుపు బయటపడింది. చాలా మానిటర్లు కొట్లో పదింటి మధ్య మెరిసిపోవాలని బాగా వెలుగుతోనూ, నీలం వైపు ఒరిగిన తెలుపుతోనూ వస్తాయి.

మరి ఇన్నాళ్లూ మీకు ఎందుకు తెలియలేదంటే, కంటికి సర్దుకుపోయే గుణం ఉంది. ఒక తెల్లకాగితం సాయంత్రం ఎండలో చూడండి, తర్వాత ట్యూబ్‌లైట్ కింద చూడండి. రెండుచోట్లా తెల్లగానే ఉంటుంది. ఫోన్ కెమెరాలో తెలుపుని సర్దే వైట్ బ్యాలెన్స్‌ని ఆటో తీసేసి, ఒకే అంకె మీద ఉంచి రెండుచోట్లా ఫొటో తీయండి. ఒకటి నారింజ, ఒకటి నీలం. కాగితం మీద పడే వెలుగు అంత మారినా మనసు దాన్ని తెలుపుగానే లెక్కేసుకుంటుంది. బతకడానికి ఈ గుణం చాలా మంచిది గానీ, రంగు తూచడానికి పనికిరాదు. తెర ముందు కాసేపు కూర్చుంటే అదెలా ఉంటే అదే తెలుపని కన్ను ఒప్పేసుకుంటుంది.

గదిలో దీపం కూడా ఇందులో భాగమే. మీ అమ్మ మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్క పట్టుకుని వీధిలోకి వచ్చి ఎండలో చూసుకోవడం మీకు తెలుసుగా? లోపల దీపం కింద కలిసిన రెండు గుడ్డలు బయట కలవకపోవచ్చు. రెండింటి రంగుమందులూ వేరు కావడంతో ఒక్కో వెలుగుకి ఒక్కోలా స్పందిస్తాయి. ఆవిడ చేసే పని శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. మీరు కూడా బల్బు కొనేటప్పుడు డబ్బా చదవండి. వెలుగు రంగుని కెల్విన్ అనే అంకెలో రాస్తారు. 2700, 3000 కెల్విన్ అంటే పసుపు వెలుగు. 6500 అంటే పగటి వెలుగుకి దగ్గర. దాంతోపాటు సీఆర్‌ఐ అనే అంకె 90కి పైన ఉన్నది తీసుకోండి, గుడ్డ రంగు నిజానికి దగ్గరగా కనబడుతుంది. కిటికీ ఎండ నేరుగా తెర మీద పడకూడదు. వెనక గోడకి చిలకపచ్చ రంగు ఉంటే ముందు ఒక బూడిదరంగు గుడ్డ వేలాడదీయండి.

ఇక మానిటర్ దగ్గరికి రండి. ఆన్ చేసి అరగంట వదిలేయండి, వెలుగు నిలకడ పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ ఆగాలి, తొందరపడొద్దు. రాత్రిపూట తెరని పసుపు చేసే నైట్ లైట్, దానంతటదే మారే కాంట్రాస్ట్, వివిడ్ మోడ్ లాంటివన్నీ తీసేయండి. మానిటర్ మెనూలో రీసెట్ చేసి మొదలుపెట్టండి.

సరిచేసేవి నిజానికి మూడే. మొదటిది వెలుగు. తెర వెలుగుని క్యాండెలాల్లో కొలుస్తారు, చదరపు మీటరుకు 100 నుంచి 120 మధ్య ఉంటే ఇంట్లో పనికి సరిపోతుంది. కొత్త మానిటర్లు దీనికి రెట్టింపు దాటి వెలుగుతుంటాయి. ఆ తెర మీద కళకళలాడిన ఫొటో బయట మసకబారిపోతుంది.

రెండోది తెలుపు, అన్నిటికన్నా ముఖ్యం. ఏది తెలుపు అన్నదానికి ఒప్పందం ఉంది. 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ మనిషి కన్ను రంగుని చూసే తీరుని అంకెల్లో పెట్టింది. ఆ లెక్క మీదే తర్వాత డీ65 అనే తెలుపు వచ్చింది, అంటే సుమారు 6500 కెల్విన్, మధ్యాహ్నపు పగటి వెలుగు లాంటిది. తెరకి ఇదే పెట్టుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సరైన పాళ్లలో కలిస్తేనే తెలుపు. తెలుపు ఒరిగితే దాంతో కలిసిన ప్రతి రంగూ అటే ఒరుగుతుంది. మెంతి రంగుని విడిగా దిద్దుదాం, కనకాంబరాన్ని విడిగా దిద్దుదాం అని మొదలుపెడితే రోజంతా దిద్దినా తెమలదు.

మూడోది గామా, అంటే కంప్యూటర్ ఇచ్చిన అంకెకి తెర ఎంత వెలుగు చూపాలో చెప్పే లెక్క. అది 2.2 ఉండాలి. కంప్యూటర్ ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా మెట్లు ఇస్తుంది. 128 ఇస్తే సగం వెలుగు వస్తుందనుకుంటారు గానీ రాదు, ఐదో వంతుకి కాస్త ఎక్కువ వస్తుంది. చీకటి ఛాయల్లోని తేడాలు కన్ను బాగా పట్టుకుంటుంది కాబట్టి మెట్లు అటువైపు ఎక్కువ ఉండేలా అలా పెట్టారు. ఈ అంకె తప్పితే నేరేడుపండు రంగు పల్లూలో అదే రంగు ముదురు బుటాలు కనబడకుండా మునిగిపోతాయి. ఉప్పాడ జమ్దానీ ఫొటో తీసే రోజు వస్తే ఈ మాట గుర్తుంచుకోండి, అక్కడ పనితనమంతా ఆ బుటాల్లోనే.

ఈ మూడూ కంటితో పెట్టొచ్చా అంటే, గామా వరకు ఫరవాలేదు, విండోస్‌లోనే దానికో సాధనం ఉంది. తెలుపు మాత్రం పెట్టలేం, కారణం పైన చెప్పాను. కలరీమీటర్ కావాలి. అరచేతిలో పట్టే పరికరం, తెర మీద ఆనించి వేలాడదీస్తారు. సాఫ్ట్‌వేర్ ఒకదాని తర్వాత ఒకటి రంగు చతురస్రాలు చూపిస్తుంటే అది కొలుస్తుంది. అడిగిన రంగుకీ, వచ్చిన రంగుకీ ఉన్న తేడాని డెల్టా ఈ అనే అంకెలో చెబుతారు. 1 లోపు ఉంటే మామూలు కన్ను పట్టలేదు. చివర్లో ప్రొఫైల్ అనే ఫైలు తయారవుతుంది, మీ తెర ఏ రంగు ఎలా చూపిస్తుందో చెప్పే వివరం అది. 1993లో మొదలైన ఐసీసీ అనే కూటమి ఈ ఫైళ్ల పద్ధతిని కుదిర్చింది. పక్కవాళ్ల ప్రొఫైల్ తెచ్చి వేసుకోకండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా రెండు తెరలు ఒకేలా ఉండవు.

పరికరం ధర తక్కువేం కాదు. ఊళ్లో ఫొటోలు తీసేవాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని నెలకోసారి వాడుకుంటే చాలు. ఆర్గిల్ సీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కొనేదాకా మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ (తెర రంగులకి అందరూ వాడే ఉమ్మడి కొలత) మోడ్ ఉంటే అది పెట్టుకోండి. ఫొటోలు బయటికి పంపేటప్పుడు కూడా ఎస్‌ఆర్‌జీబీలోనే సేవ్ చేయండి, మీ తెర ప్రొఫైల్ కాదు, ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఆ ఫొటో ఫైలులోనే ఉండాలి. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చిన ఈ కొలతే ఎక్కువ తెరలు అర్థం చేసుకుంటాయి.

అన్నీ సరిచేసినా కొన్ని చీరలు తెరకి లొంగవు. రామా గ్రీన్ బాగా గాఢంగా ఉన్నప్పుడు ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటిపోతుంది, తెర చూపించేది దానికి దగ్గర రంగే. సంతృప్తత, అంటే రంగు గాఢత, పెంచి సరిచేయబోకండి, గుడ్డ మీది నేత గీతలు చెరిగి ఒకటే పూతలా మారిపోతుంది. నెమలికంఠం సంగతి ఇంకా వేరు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి వంచినకొద్దీ మారుతుంది. నాకైతే ఆ చీరలంటే ప్రాణం. దానికి ఒక్క ఫొటో ఎప్పుడూ చాలదు. రెండు కోణాల్లో తీయండి, వీలైతే చీర కదిలిస్తూ చిన్న వీడియో తీయండి.

కొనేవాళ్ల ఫోన్ ఎలా ఉందో మనం దిద్దలేం. కాబట్టి ఫొటో కింద రంగుని మాటల్లో రాయండి: పడుగు ఆకుపచ్చ, పేక నీలం, అంచు వంగపండు అని. నేసినవాళ్లని అడిగి వాళ్లు చెప్పిన పేరే రాయండి.

వంగపండు చీర ఫొటో మళ్లీ తీయాలి. ఈసారి లేసు పక్కన బూడిదరంగు కార్డు కూడా పెట్టండి, వైట్ బ్యాలెన్స్ దాని మీద పట్టొచ్చు. మానిటర్ ఎప్పుడు కొలిచారో కాగితం మీద తేదీ వేసి దాని వెనక అంటించండి, నెల దాటితే మళ్లీ కొలవాలి.

మీ పెదనాన్న