కనిపించని మనిషి వెనక చరిత్ర

అమెరికా నల్లజాతి రచయిత రాల్ఫ్ ఎలిసన్ నవల ‘ఇన్విజిబుల్ మ్యాన్’ (కనిపించని మనిషి) 1952లో వచ్చింది. కథ చెప్పే నల్లజాతి యువకుడి పేరేమిటో చివరిదాకా తెలియదు. న్యూయార్క్‌లో ఓ నేలమాళిగలో 1,369 బల్బులు బిగించుకుని, కరెంటు కంపెనీకి పైసా కట్టకుండా బతుకుతుంటాడు. ఎదురుగా నిలబడ్డా జనం తనను చూడరంటాడు. ఇందులో మాయేమీ లేదు, చూడకపోవడం తెల్లవాళ్లకు అలవాటైపోయిందంతే.

ఆ అలవాటుకు చట్టం అండ ఉంది. బానిసత్వాన్ని అంతం చేసిన అమెరికా అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్లకు దక్కిన ఓటు, పదవులు 1877లో దక్షిణాది రాష్ట్రాల్లో కేంద్ర సైన్యం పక్కకు తప్పుకున్నాక ఒక్కొక్కటే చేజారాయి. 1895లో అట్లాంటాలో నల్లజాతి నాయకుడు, విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్, సాంఘిక సమానత్వం కోసం పట్టుబట్టొద్దు, ముందు చేతిపనులు నేర్చుకోండని నల్లవాళ్లకు హితవు చెప్పాడు. మరుసటేడే సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో, రైల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టినా సమానత్వానికి లోటు లేదని తేల్చేసింది.

వాషింగ్టన్ పెంచి పెద్దచేసిన నల్లవాళ్ల కాలేజీ టస్కెగీలోనే ఎలిసన్ 1933లో సంగీతం చదవడానికి చేరాడు. ఒదిగి కూర్చున్న బానిస మీంచి వాషింగ్టన్ ముసుగు ఎత్తుతున్న విగ్రహం అక్కడ ఉంది. నవలలోని కాలేజీలోనూ అలాంటి విగ్రహమే. అయితే ఆ ముసుగు తీస్తున్నారో, ఇంకా కిందికి లాగుతున్నారో కథకుడికి అంతుపట్టదు.

1936లో ఎలిసన్ న్యూయార్క్ చేరాడు. అప్పటికే లక్షలమంది నల్లవాళ్లు దక్షిణాది వదిలి ఉత్తరాది నగరాల బాట పట్టారు. అక్కడ మాత్రం ఏం మారింది? నవలలో రంగుల ఫ్యాక్టరీ ఘట్టం చూడండి. ప్రతి డబ్బాలో పది నల్లచుక్కలు వేసి, అవి మాయమయ్యేదాకా కలపాలి. అప్పుడే తెలుపు ధగధగలాడుతుందట! ఆ రంగు వెళ్లేది ఓ జాతీయ స్మారక కట్టడానికి. పేజీలకొద్దీ ఉపన్యాసాలకన్నా నాకు ఇదే పదునుగా తోస్తుంది.

సమానత్వం మాట్లాడే వామపక్షాన్నీ ఎలిసన్ వదల్లేదు. ఒకప్పుడు వాళ్ల పత్రికలకు రాసినవాడే. నవలలో వామపక్ష సంస్థ ‘బ్రదర్‌హుడ్’ నాయకుడు జాక్ వాదన వేడెక్కినప్పుడు అతని గాజుకన్ను ఊడి పడుతుంది. అంటే అతనికీ కథకుడు కనిపించడన్నమాట.

చివర్లో వచ్చే, న్యూయార్క్‌లో నల్లవాళ్లుండే హార్లెమ్ పేటలోని అల్లర్లకూ మూలం ఉంది. 1943 ఆగస్టులో తెల్ల పోలీసు ఒక నల్ల సైనికుణ్ణి కాల్చాడు. అతను బతికాడు, కానీ చనిపోయాడన్న పుకారు లేచింది. అల్లర్లలో ఆరుగురు పోయారు. ఎలిసన్ వాటి గురించి ‘న్యూయార్క్ పోస్ట్’కు రాశాడు.

1953లో నవలకు నేషనల్ బుక్ అవార్డు వచ్చేనాటికి దక్షిణాది బడుల్లో ప్లెసీ తీర్పే నడుస్తోంది. బడులకు అది చెల్లదని సుప్రీంకోర్టు అనడానికి మరో ఏడాది పట్టింది.