పసుపు కేసును గెలిపించిన కాగితాలు

జీవవైవిధ్య చట్టంలోని ‘గ్రంథస్థ సంప్రదాయ జ్ఞానం’ అన్న మాట మీద మళ్లీ రగడ మొదలైంది. గ్రంథస్థం అంటే పుస్తకాలకెక్కినది. ఆ జ్ఞానాన్నీ మూలికలనూ వాడి మందులు చేసే కంపెనీలు లాభంలో స్థానికులకు వాటా ఇవ్వాలా, అక్కర్లేదా అన్నదే తగువు. రెండు పక్షాలూ సాక్ష్యానికి పిలిచేది పసుపు పేటెంటునే. సుశ్రుతుడి నుంచి మొదలుపెట్టే పని లేదు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం తెలియని తెలుగిల్లు ఉండదు. నేరుగా 1995కి వెళ్దాం.

ఆ ఏడాది మార్చి 28న మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికాలో 5,401,504 నంబరు పేటెంటు దక్కింది. గాయం మానడానికి పసుపు పొడి తగినంత ఇవ్వడం దాని సారాంశం. లోపలికి ఇచ్చినా, పైన పూసినా, రెండూ చేసినా తమ హక్కే అన్నారు. ఆపరేషన్ గాయం, పుండు రెండూ అందులోకి వస్తాయి. పసుపుకు రంగునిచ్చే రసాయనం కర్‌క్యుమిన్‌ను విడదీసి దాన్ని కోరలేదు, పొడినే కోరారు. అక్కడే దొరికిపోయారు. ఫలానా మోతాదు కర్‌క్యుమిన్, ఫలానా జెల్ అని రాసుకుని ఉంటే పాత పుస్తకాలతో కొట్టేయడం అంత తేలికయ్యేది కాదు.

1996 అక్టోబరులో శాస్త్రవేత్త మషేల్కర్ నేతృత్వంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్, ఆ పేటెంటును మళ్లీ పరిశీలించమని అమెరికా పేటెంటు కార్యాలయాన్ని కోరింది. అసలు మలుపు ఇక్కడుంది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఒక సంగతి అమెరికాలో జనానికి తెలిసి ఉంటే చాలు, పేటెంటు రాదు. అదే పరాయి దేశంలోనైతే అచ్చులో కనబడాలి. కోట్లమంది అమ్మమ్మల వాడుక ఆ లెక్కలో సున్నా. అందుకే సీఎస్ఐఆర్ 32 లిఖిత ఆధారాలు వెతికి పెట్టింది. వాటిలో సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలున్నాయి, కొన్ని వందేళ్లు దాటినవి. 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలోని వ్యాసం కూడా ఉంది. తమ పొడి వేరు, పుస్తకాల్లోని ముద్ద వేరు, ఒంటికి పట్టే తీరు వేరని పేటెంటుదారులు వాదించారు. గాయం దగ్గర రెండూ ఒకటేనని పరీక్షకుడు తేల్చాడు. 1997 ఆగస్టులో క్లెయిములు, అంటే పేటెంటులో కోరిన హక్కులు, కొట్టేశారు, 1998 ఏప్రిల్‌లో రద్దు పత్రం వచ్చింది. పరాయి దేశపు వాడుకను కూడా లెక్కలోకి తెచ్చే సవరణ అమెరికాలో 2013 మార్చి 16 నుంచి గానీ అమలు కాలేదు.

ఈ గెలుపు ఒక అలవాటు నేర్పింది: రాతలో ఉన్నదే జ్ఞానం. పాత వైద్య గ్రంథాల్లోని సంగతులను పేటెంటు పరీక్షకులకు అందుబాటులో పెట్టే సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం 2001లో మొదలైంది, అది దాని ఫలమే. మూల భాషలుగా అది చెప్పుకునేవి సంస్కృతం, హిందీ, అరబ్బీ, పర్షియన్, ఉర్దూ, తమిళం. తెలుగు ఆ వరుసలో లేదు.

పొడికీ సారానికీ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఎండు పసుపులో కర్‌క్యుమిన్ జాతి పదార్థాలు సాధారణంగా నూటికి 2 నుంచి 5 పాళ్లే. నీళ్లలో దాదాపు కరగవు. రక్తానికి దగ్గరగా ఉండే 7.2 పీహెచ్ వద్ద, 37 డిగ్రీల వేడిలో, ఉత్త ద్రావణంలో ఉంచితే అరగంటలో తొంభై శాతం కర్‌క్యుమిన్ విరిగిపోతుంది. వెలుతురు తగిలినా చెడుతుంది. బెణుకుకు పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తే ఎర్రబడేది క్షారం వల్లే. ఆ క్షారంలో కర్‌క్యుమిన్ నిలవదు. అందుకే ప్రయోగశాలలు కొవ్వు బుడగల్లో, నానో కణాల్లో, జెల్‌లో దాన్ని చుట్టి పెట్టే దారులు వెతుకుతున్నాయి. కొత్త పేటెంట్లు పుట్టేది ఆ చుట్టడంలోనే. ఇక వంటింటి పొడి శుద్ధి చేసింది కాదు, సూక్ష్మజీవులుంటాయి. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు విషం కలిపిన సరుకూ ఉంటుంది. లోతైన గాయంలో దాన్ని నింపకూడదు.

మళ్లీ చట్టానికి వద్దాం. 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆయుర్వేద మందుల సంస్థ దివ్య ఫార్మసీ కేసులో, స్వదేశీ కంపెనీలూ లాభంలో వాటా పంచాల్సిందే అంది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గ్రంథస్థ జ్ఞానానికీ, సాగు చేసిన ఔషధ మొక్కలకూ ఆ వాటా నుంచి మినహాయింపు వచ్చింది. గ్రంథస్థం అంటే 1940 నాటి ఔషధాల చట్టం మొదటి షెడ్యూల్లోని పుస్తకాల్లో ఉన్నది. ఆయుష్ పరిశ్రమకూ పరిశోధనకూ అడ్డంకులు తగ్గుతాయన్నది ప్రభుత్వ వాదన. విమర్శకులు అడిగేది వేరు: పరాయివాడి పేటెంటును ఆపడానికి జ్ఞానాన్ని పుస్తకంలో చూపమన్నారు, ఇప్పుడు పుస్తకంలో ఉంది కాబట్టి వాటా లేదంటే ఎలా? దీనికి సూటి జవాబు ఇంతవరకు వినబడలేదు.

పుస్తకాలకెక్కని జ్ఞానం సంగతి ఇంకోటి. గడ్డి చామంతినే తీసుకోండి. గొడ్డలి గాటుకు ఆకు నలిపి రసం పిండుతారు. ఎలుకల మీద గాయం మానే తీరును పరీక్షించిన వ్యాసాలూ దీని మీద వచ్చాయి. కానీ ఇది అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన కలుపు మొక్క, ప్రాచీన సంహితల్లో ఉండే వీలు లేదు. దీని వాడుక కాపరుల నోట బతుకుతోంది. ఊరి జీవవైవిధ్య కమిటీ తన రిజిస్టరులో రాసుకోవచ్చు గానీ, ఆ రిజిస్టరు మొదటి షెడ్యూల్లో లేదు.