లేపడం సులువే, దించడమే కష్టం

హనుమకొండలో వినాయక నిమజ్జనం జరిగేటప్పుడు క్రేన్ పనితనం చూడాలంటే, విగ్రహం పైకి లేచేటప్పుడు కాదు, నీళ్లలోకి దిగేటప్పుడు చూడాలి. ఒక క్రేన్ తొణక్కుండా దించుతుంది. ఇంకోటి ఆగి ఆగి, ఊపుతూ దించుతుంది. వెంటనే గుంపులోంచి ‘ఆపరేటర్ కొత్తోడు’ అని మాట వస్తుంది. చాలాసార్లు ఆ తప్పు ఆపరేటర్‌ది కాదు, లోపలి వాల్వులది.

హైడ్రాలిక్స్‌లో, అంటే ద్రవం ప్రెషర్‌తో యంత్రాన్ని నడిపే పద్ధతిలో, ప్రెషర్ బలాన్నిస్తుంది, ఆయిల్ పారే జోరు వేగాన్నిస్తుంది. 1846 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ రేవులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఊరి నల్లా నీటి ప్రెషర్‌తోనే క్రేన్ నడిపించాడు. ఇప్పుడు నీటి బదులు ఆయిల్. క్రేన్ చేయిని (బూమ్‌ను) ఎత్తే సిలిండర్‌ను జాక్ అంటారు. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లున్న జాక్‌లో 200 బార్ ప్రెషర్ వస్తే సుమారు 16 టన్నుల బలం పుడుతుంది. నిమిషానికి 40 లీటర్ల ఆయిల్ పోతే పిస్టన్ సెకనుకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు కదులుతుంది. జాక్ ఉండేది బూమ్ మొదట్లో కాబట్టి, కొన దానికి ఆరింతలు కదిలిందనుకుంటే హుక్ వేగం సెకనుకు అర మీటరు. ఎత్తే బలం మాత్రం ఆరో వంతే మిగులుతుంది. జాక్‌లో చిన్న కుదుపు వచ్చినా హుక్ దగ్గర అది ఆరింతలవుతుంది.

దించేటప్పుడు కథ మారుతుంది. బరువే ఆయిల్‌ను బయటికి నెడుతుంది, పంపు బలం అక్కర్లేదు. దిగుడులో సైకిల్‌కు పెడల్‌తో పనేముంది, బ్రేకు కావాలి గానీ. అందుకే ఆయిల్ లోపలికి వెళ్లే దారి కన్నా బయటికొచ్చే దారిని అదుపులో పెట్టడం ముఖ్యం.

లివర్ కింద ఉండే స్పూల్, అంటే అటూ ఇటూ జరిగి ఆయిల్ దారిని తెరిచి మూసే కడ్డీ, ఒక్కటే ఈ పని చేయలేదు. ఆ కడ్డీ కదలాలంటే చుట్టూ కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందు ఉండాలి, ఆ సందులోంచి ఆయిల్ కారుతూనే ఉంటుంది. మే నెల ఎండకు ఆయిల్ పలచబడితే ఇంకా ఎక్కువ కారుతుంది. లివర్ ముట్టకపోయినా బూమ్ మెల్లగా కిందికి జారడానికి ఇదొక కారణం. అందుకని, తెరిచేంత ప్రెషర్ వచ్చేదాకా ఆయిల్‌ను బయటికి వదలని కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వును జాక్‌కే బిగించి పెడతారు. పైపు పగిలినా బరువు పడిపోకుండా ఆపేది అదే. మామూలుగా గరిష్ఠ బరువు వల్ల పుట్టే ప్రెషర్ కన్నా 30 శాతం ఎక్కువైతేనే దానంతటదే తెరుచుకునేలా దాన్ని సెట్ చేస్తారు.

కుదుపు పుట్టేది కూడా ఇక్కడే. దించడానికి లివర్ వేస్తే పంపు ప్రెషర్ ఒక సన్నటి దారిగుండా వచ్చి ఈ వాల్వును తెరుస్తుంది. బరువు ఒక్కసారిగా దిగుతుంది. పిస్టన్ అవతలి పక్కకు ఆ వేగానికి తగ్గట్టు పంపు ఆయిల్ అందించలేదు. ప్రెషర్ పడిపోయి వాల్వు మూసుకుంటుంది, బరువు టక్కున ఆగుతుంది. మళ్లీ ప్రెషర్ పెరిగి వాల్వు తెరుచుకుంటుంది. సెకనులో ఇది పలుమార్లు జరిగితే బూమంతా వణుకుతుంది. కొద్ది ప్రెషర్‌కే తెరుచుకునే రకం వాల్వు పెడితే డీజిల్ ఆదా అవుతుంది, వణుకు పెరుగుతుంది. తెరవడానికి ఎక్కువ ప్రెషర్ అడిగే రకం నిదానంగా దించుతుంది, ఖర్చు కొంచెం ఎక్కువ. మనుషుల మధ్య పని చేసే క్రేన్‌కు రెండో రకమే మేలని నా అభిప్రాయం.

స్పూల్ అంచున చిన్న గాట్లు ఉండటం కూడా డిజైన్‌లో భాగమే. అవి ఉంటే లివర్ కొద్దిగా కదిపినప్పుడు దారి కొద్దిగానే తెరుచుకుంటుంది. ఆయిల్‌లో గాలి చేరిందా, ఇక ఏ డిజైనూ అక్కరకు రాదు. గాలి నలుగుతుంది, లివర్‌కూ హుక్‌కూ మధ్య ఆలస్యం వస్తుంది.

వణుకు తగ్గించమంటే కొందరు మెకానిక్‌లు నేరుగా కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వు స్క్రూ మీద స్పానర్ పెడతారు. కొన్ని కంపెనీల వాల్వుల్లో స్క్రూ బిగిస్తే సెట్టింగ్ పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. ఏ రకమో తెలియకుండా, హుక్‌కు బరువుండగా బిగిస్తే బూమ్ అక్కడికక్కడే కిందికి రావచ్చు.