మెడికల్స్ నుంచి మెడికేర్ దాకా: జబ్బున్న బిడ్డతో ఆస్ట్రేలియాకి

మా పాపకి ఆరో ఏట టైప్ 1 షుగర్ అని తేలింది. మరుసటి సంవత్సరమే మా ఆయనకి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. హైదరాబాద్‌లో వీసా మెడికల్స్‌కి వెళ్లినరోజు ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో రిపోర్టుల ఫైలుని పట్టుకుని కూర్చున్నాను. మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్) రిపోర్టులు, మొదటిసారి ఐసీయూలో ఉన్నప్పటి డిశ్చార్జి కాగితం, పిల్లల డాక్టరు రాసిచ్చిన ఉత్తరం అన్నీ వరసగా పెట్టుకున్నాను. అక్కడి డాక్టరు ఓపికగా చూశారు. చివర్లో "మేం పంపడం వరకేనమ్మా, నిర్ణయం మాది కాదు" అన్నారు. అది నిజమే. ఆ కాగితాలు ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్యాధికారి దగ్గరికి వెళ్తాయి. ఆ అధికారి మన బిడ్డని చూడరు, మనతో మాట్లాడరు.

జవాబు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మా అమ్మ "పాపని నా దగ్గర ఉంచి వెళ్లవే, అక్కడ కుదురుకున్నాక తీసుకెళ్దువుగాని" అంది. మనవరాలికి సూదులు వేయడం కూడా నేర్చుకుంది పాపం. ఇలాంటి పరిస్థితిలో చాలా ఇళ్లలో ఈ ఆలోచన వస్తుంది. కానీ దానివల్ల లాభం లేదని మాకు అప్పటికి తెలియదు. శాశ్వత వీసాకి పెట్టుకుంటే, బిడ్డ మన వెంట రాకపోయినా సాధారణంగా బిడ్డకి కూడా మెడికల్స్ కావాల్సిందే. ఇంట్లో ఒక్కరు ఫెయిలైతే అందరూ ఫెయిలైనట్టే. తల్లిదండ్రులకి ఎన్ని వీసా పాయింట్లు ఉన్నా, ఎంత పెద్ద ఉద్యోగం ఉన్నా ఇదే రూలు.

ఇంత కఠినమైన రూలు ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ వెళ్తే 1901 దగ్గర తేలాను. ఆరు కాలనీలు కలిసి ఒక దేశంగా ఏర్పడిన ఏడాది అది. ఆ కొత్త పార్లమెంటు చేసిన తొలి చట్టాల్లో ఒకటి వలసల నియంత్రణ చట్టం. తెల్లవాళ్లు కానివాళ్లని డిక్టేషన్ పరీక్ష (ఏదో ఒక యూరప్ భాషలో చెప్పింది రాయమనడం) పెట్టి ఆపడం దాని అసలు ఉద్దేశం. అందరికీ గుర్తున్నది ఆ భాగమే. అదే చట్టంలో ఇంకో వరస కూడా ఉంది: మతి స్థిమితం లేనివాళ్లు, అంటురోగాలున్నవాళ్లు, ప్రజల సొమ్ముకో ధర్మసంస్థలకో భారమయ్యేవాళ్లు రాకూడదని. 1958లో ఆ చట్టం స్థానంలో మైగ్రేషన్ యాక్ట్ వచ్చింది. డిక్టేషన్ పరీక్ష పోయింది. 1973లో ప్రధాని విట్లం ప్రభుత్వం జాతిని బట్టి ఎంచుకునే విధానాన్ని పూర్తిగా తీసేసింది. మనలాంటివాళ్లం ఇవాళ అక్కడ ఉన్నామంటే కారణం అదే. రంగు గురించిన మాట చెరిపేశారు. భారం గురించిన మాట మాత్రం భాష మార్చుకుని నిలబడింది.

1992లో ఆస్ట్రేలియా వైకల్య వివక్ష నిరోధక చట్టం తెచ్చింది. మంచి చట్టం. బడిలో, ఉద్యోగంలో, బస్సులో వైకల్యం పేరు చెప్పి ఎవరినీ తక్కువగా చూడకూడదంటుంది. కానీ అందులో 52వ సెక్షన్ మైగ్రేషన్ చట్టానికి మినహాయింపు ఇచ్చింది. 2008లో వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు కూడా, మా వీసా ఆరోగ్య నిబంధనలకి ఇది అడ్డు కాదని ఒక ప్రకటన మరీ జోడించారు.

ఇప్పుడు నడుస్తున్న నిబంధనలకి ఆధారం 1994 నాటి మైగ్రేషన్ రెగ్యులేషన్స్. టీబీ లాంటి అంటురోగాల సంగతి అలా ఉంచితే, మనలాంటి కుటుంబాలకి తగిలేది ఖర్చు లెక్క. వైద్యాధికారి లెక్కేసేది మన బిడ్డకి అయ్యే ఖర్చు కాదు. అదే జబ్బు, అదే తీవ్రతలో ఉన్న ఒక ఊహా మనిషికి ఆస్ట్రేలియా సమాజం ఎంత పెట్టాల్సి వస్తుందో లెక్కేస్తారు. "మా ఖర్చు మేమే పెట్టుకుంటాం, ఇన్సూరెన్స్ ఉంది, ఇండియా నుంచి మందులు తెచ్చుకుంటాం" అంటే కుదరదు. ఆ సేవలు నిజంగా వాడుకుంటారా లేదా అన్నది చూడక్కర్లేదని రూలులోనే ఉంది. ఈ సంగతి తెలియక ఎంతమంది తల్లిదండ్రులు బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి ఆశపడ్డారో.

ఆ లెక్కలో ఒక పరిమితి ఉంటుంది, అది దాటితే ఫెయిలే. 2012 దాకా అది 21,000 డాలర్లు. ఆ ఏడు 35,000 చేశారు, తర్వాత 40,000 అయింది. శాశ్వత వీసాకైతే, తగ్గని జబ్బు విషయంలో జీవితాంతం అయ్యే ఖర్చంతా కూడేవాళ్లు. ఈ పద్ధతి పెద్దవాళ్ల కంటే పిల్లలకే ఎక్కువ అన్యాయం చేసింది. అరవై ఏళ్లాయనకి ఇంకో ఇరవై ఏళ్ల మందులు కూడితే, ఐదేళ్ల పిల్లకి డెబ్బై ఏళ్ల మందులు కూడతారు. బిడ్డ ఎక్కువ కాలం బతుకుతుందన్న మంచి మాటే ఫైలులో ఆమెకి ఎదురు తిరిగింది. 2019 జులైలో పరిమితిని 49,000కి పెంచి, గరిష్ఠంగా పదేళ్ల ఖర్చే చూడాలన్నారు. 2024 జులై నుంచి అది 86,000 డాలర్లు.

ఈ మార్పులు ఊరికే రాలేదు. 2001లో కాన్‌బెరాలో పార్లమెంటు భవనం ముందు పాకిస్తాన్ నుంచి శరణార్థిగా వచ్చిన ఒక తండ్రి ఒంటికి నిప్పంటించుకున్నాడు. కూతురికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో లేని స్థితి) ఉందని కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఏళ్ల తరబడి అనుమతి రాలేదు. కొన్ని వారాలకి ఆయన చనిపోయాడు. ఆ ఘటన గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2008లో విక్టోరియాలోని హార్షమ్ అనే చిన్న ఊళ్లో పనిచేస్తున్న జర్మన్ డాక్టరుకి, కొడుక్కి డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే ఎదుగుదల లోపం) ఉందన్న కారణంగా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) నిరాకరించారు. ఊరంతా ఆయన పక్షాన నిలబడింది. చివరికి మంత్రి జోక్యం చేసుకుని వీసా ఇచ్చారు. దాంతో పార్లమెంటు కమిటీ విచారణ జరిపి 2010లో రిపోర్టు ఇచ్చింది. ఖర్చు ఒక్కటే కాదు, ఆ కుటుంబం దేశానికి ఇచ్చేది కూడా చూడమంది. 2023లో పెర్త్‌లో కేరళ కుటుంబానికీ ఇలాగే, డౌన్ సిండ్రోమ్ ఉన్న పదేళ్ల కొడుకు విషయంలో మంత్రి చేతి మీదుగానే న్యాయం జరిగింది. పేపర్లో పడిన కుటుంబానికి మంత్రి కనిపిస్తాడు. పడనివాళ్లు సర్దుకుని వెనక్కి వచ్చేస్తారు.

ఈ ఖర్చు రూలు నుంచి మినహాయింపు కోరే దారి కొన్ని ఎంప్లాయర్ స్పాన్సర్డ్ వీసాల్లో ఉంది. మనవాళ్లు ఎక్కువగా పెట్టుకునే 189, 190 పాయింట్ల వీసాల్లో లేదు. జబ్బున్న బిడ్డ ఉన్నప్పుడు ఏ వీసా అన్నది జీతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. మాది కంపెనీ స్పాన్సర్ చేసిన తాత్కాలిక వీసా కాబట్టి ఉండబోయే కొద్ది ఏళ్ల ఖర్చే చూశారు. గట్టెక్కాం.

ఇదంతా ఒక ఆస్ట్రేలియా. అదే దేశంలో ఇంకో కథ సమాంతరంగా నడిచింది. 1944లో మందులు ఉచితంగా ఇవ్వాలని చట్టం చేస్తే డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు, 1945లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం ఊరుకోకుండా 1946లో జనాన్నే అడిగింది. రిఫరెండం గెలిచి రాజ్యాంగాన్ని మార్చి, 1948లో 139 ప్రాణరక్షక మందులతో పథకం మొదలుపెట్టింది. దాన్నే ఇవాళ అందరూ పీబీఎస్ అంటారు. వైద్యం మాటకొస్తే, విట్లం ప్రభుత్వం తెచ్చిన మెడిబ్యాంక్ (అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లుని పై సభ సెనేట్ మళ్లీమళ్లీ ఆపితే, 1974లో రెండు సభలనీ కలిపి కూర్చోబెట్టి ఆమోదించుకున్నారు. ఆ దేశ చరిత్రలో అలాంటి ఉమ్మడి సమావేశం అదొక్కటే. 1975 జులైలో మొదలైన మెడిబ్యాంక్‌ని తర్వాతి ప్రభుత్వం ముక్కలు చేసింది. 1984 ఫిబ్రవరి 1న ప్రధాని హాక్ ప్రభుత్వం దాన్నే మెడికేర్‌గా తిరిగి తెచ్చింది. ఎవరి జబ్బుకైనా అందరూ కలిసి కట్టాలన్నది దాని మూలసూత్రం. గడప బయట భారం అనిపించిన బిడ్డే, లోపలికి వచ్చాక హక్కుదారు అవుతుంది.

అయితే విమానం దిగగానే లోపలికి వచ్చినట్టు కాదు. తాత్కాలిక వీసాలో ఉన్న భారతీయులకి మెడికేర్ లేదు. బ్రిటన్, న్యూజీలాండ్, ఇటలీ లాంటి 11 దేశాలతో పరస్పర ఒప్పందం ఉంది, మనతో లేదు. ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోవాలి. ముందే ఉన్న జబ్బుతో ఆసుపత్రిలో చేరితే మొదటి 12 నెలలు క్లెయిమ్ ఉండదు. మూడు నెలలకి సరిపడా మందులు డాక్టరు చీటీతో వెంట తెచ్చుకోవచ్చు. మా చల్లటి సంచిలో ఇన్సులిన్ పెన్నులు, తడిబట్టలో చుట్టిన అదనపు కాట్రిడ్జులు, పాప బొమ్మ. ఫ్రిజ్‌లో ఆ పెన్నులు ఒక్కొక్కటీ తగ్గుతుంటే క్యాలెండర్ చూసుకునేదాన్ని. అదే టైప్ 1 ఉన్న పక్కింటి ఆస్ట్రేలియన్ అబ్బాయి చేతికి షుగర్ చూపించే సెన్సర్ ఉండేది, మా పాప రోజుకి ఎనిమిదిసార్లు వేలు గుచ్చుకునేది. 2017 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లలోపు పిల్లలకి ఆ సెన్సర్లు ప్రభుత్వ సబ్సిడీతో వస్తున్నాయి. 1987లో మొదలైన జాతీయ డయాబెటిస్ సేవల పథకం వాటిని అందిస్తుంది, మెడికేర్ ఉన్నవాళ్లకి.

రెండో చలికాలంలో ఒక తెల్లవారుజామున పాపకి షుగర్ బాగా పడిపోయి ఫిట్స్ వచ్చాయి. అత్యవసర నంబరు 000కి ఫోన్ చేస్తే అంబులెన్స్ నిమిషాల్లో వచ్చింది. వచ్చినవాళ్లు దేవుళ్లలా చూసుకున్నారు. తర్వాత బిల్లు వచ్చింది. మెడికేర్ ఉన్నవాళ్లకి కూడా అంబులెన్స్ ఖర్చు అందులో రాదని అప్పుడే తెలిసింది. విక్టోరియాలో ఏడాది మెంబర్‌షిప్ విడిగా కట్టుకోవాలి. క్వీన్స్‌లాండ్, టాస్మేనియాల్లో అక్కడ ఉండేవాళ్లకి ఉచితం. కొత్తగా వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ మాటే.

పీఆర్ అప్లికేషన్ వేశాక తాత్కాలిక మెడికేర్ కార్డు ఇచ్చారు, నీలం రంగుది. దాన్ని పర్సులో అమ్మవారి ఫొటో పక్కన పెట్టుకున్నాను. జీపీ (మామూలు ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లి, రిఫరల్ లెటర్ రాయించుకుని, పిల్లల ఆసుపత్రి డయాబెటిస్ క్లినిక్‌కి వెళ్లడం అలవాటైంది. మనకి గుంటూరులోనో హైదరాబాద్‌లోనో నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడం అలవాటు కదా, మధ్యలో ఈ జీపీ ఎందుకని మొదట్లో చిరాకు పడ్డాను. ఆ లెటర్ మామూలుగా ఏడాది చెల్లుతుంది. గడువు తీరే తేదీ క్యాలెండర్లో రాసుకోకపోతే అపాయింట్‌మెంట్ రోజున టెన్షన్. మా అమ్మ వచ్చి ఉన్నప్పుడు ఒకసారి ఆవిడే పాపని తీసుకెళ్లాల్సి వచ్చింది. 131 450 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగు అనువాదకురాలు లైనులోకి వచ్చింది. ఈ ఫోన్ సేవ 1973లో, గ్రీకు, ఇటాలియన్ వలసవాళ్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో పెట్టింది.

ఆ పాత వలసవాళ్ల రుణం మనమీద ఇంకోటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మెల్‌బోర్న్‌కి వచ్చిన గ్రీకు, ఇటాలియన్ కుటుంబాల్లో తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లకోసం అక్కడి డాక్టర్లు ఆ జబ్బు నేర్చుకున్నారు. ఇవాళ మోనాష్ ఆసుపత్రిలో ఉన్న తలసేమియా యూనిట్‌లో మన పిల్లలు కూడా రక్తం ఎక్కించుకుంటారు. అక్కడ రక్తం స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్ల నుంచే వస్తుంది, తల్లిదండ్రులు దాతలకోసం తిరగక్కర్లేదు. హైదరాబాద్‌లో 1998లో తల్లిదండ్రులే తలసేమియా సొసైటీ పెట్టుకోవాల్సి వచ్చిన పరిస్థితి తెలిసినవాళ్లకి ఈ తేడా విలువ తెలుస్తుంది. వచ్చినవాళ్ల జబ్బు వల్ల ఆ ఆసుపత్రులు నష్టపోలేదు, ఇంకో విద్య నేర్చుకున్నాయి. ఖర్చు లెక్కలో ఈ గడి ఎక్కడా లేదు.

2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలమంది. అంతకు ఐదేళ్ల ముందు 34 వేలు. ఇంతమందిలో జబ్బున్న పిల్లలు ఉండకుండా ఎలా ఉంటారు. అయినా ఉగాది కలయికల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. వీసాకి ఇబ్బందని కొందరు, నలుగురిలో చెప్పుకోవడం ఎందుకని కొందరు. దాచి పెట్టుకున్న రిపోర్టు తర్వాత బయటపడితే వీసాకే ముప్పు. ముందే ఉన్నదున్నట్టు రాసి, డాక్టరు ఉత్తరం జతచేసి, రిజిస్టర్డ్ వీసా ఏజెంటుతో మాట్లాడి పెట్టుకున్న కుటుంబాలు దాటడం నేను కళ్లారా చూశాను.

మెల్‌బోర్న్ శివారు తార్నీట్‌లో మా స్నేహితుల బాబుకి తొమ్మిదేళ్లు. కండరాల జబ్బు, వీల్‌చెయిర్‌లో ఉంటాడు. 2013లో మొదలైన ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ బీమా) పథకం ఫిజియోకి, వీల్‌చెయిర్‌కి డబ్బిస్తుంది కానీ, పీఆర్ వస్తేనే. వాళ్లది ఇంకా తాత్కాలిక వీసా. మినహాయింపు కోరుతూ బడి టీచరు, జీపీ, పక్కింటివాళ్లు రాసిచ్చిన ఉత్తరాలతో పోయిన నెల ఫైలు వేశారు. వాడు తన వంతుగా ఒక కాగితం మీద ఇంగ్లీషులో రెండు వరసలు రాసి, కింద తెలుగులో పేరు రాసుకున్నాడు. వాళ్లమ్మ దాన్ని కూడా స్కాన్ చేసి జత చేసింది. రోజూ పొద్దున్న వాణ్ణి బడి దగ్గర దింపి, కారులో కూర్చునే ఒకసారి వీసా అకౌంట్ తెరిచి చూసుకుంటుంది.