రష్యా ఎంత, బంగ్లాదేశ్ ఎంత: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు చిన్నూకి, స్వాతికి తాతయ్య ఆశీస్సులు.

మీరు వాట్సాప్‌లో పంపిన ప్రాజెక్టు ఫోటో చూశాను. ప్రపంచ పటం మీద అక్షరాస్యత రంగులు నీటుగా వేశారు. ఇండోనేషియా దీవుల దగ్గర కూడా స్కెచ్ పెన్ను గీత దాటలేదు, శభాష్. చిన్నూ అడిగాడు కదా, "తాతయ్యా, పటంలో ఎటు చూసినా రష్యాయే కనిపిస్తోంది, ఏం చెయ్యాలి?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంకెల్ని బొమ్మలుగా మార్చడమే నా పని కాబట్టి కాస్త చాదస్తం ఉంటుంది, భరించండి.

రష్యా విస్తీర్ణం కోటీ డెబ్భై ఒక్క లక్షల చదరపు కిలోమీటర్లు. బంగ్లాదేశ్‌ది లక్షన్నర కూడా లేదు. రష్యాలో బంగ్లాదేశ్‌లు వందకు పైగా పడతాయి. ఇప్పుడు మనుషుల్ని లెక్కపెట్టండి. రష్యాలో పద్నాలుగున్నర కోట్లకి కాస్త తక్కువ. బంగ్లాదేశ్‌లో పదిహేడు కోట్లు. జనం ఎక్కువున్న దేశం మీ పటంలో గోరంత, తక్కువున్న దేశం అరచెయ్యంత! చదువైనా, ఆయుష్షైనా, ఆదాయమైనా మనుషులకి సంబంధించినవి. మనం రంగు వేస్తున్నది మాత్రం నేలకి. సైబీరియాలో మనిషి అడుగుపెట్టని మంచు కూడా చక్కగా చదువుకున్నట్టే కనిపిస్తుంది.

దీనికి తోడు పటం గీసే పద్ధతి ఒకటి. గోడలకి తగిలించే చాలా పటాలు 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడల వాళ్ళ కోసం తయారుచేసిన పద్ధతిలోనివి. దిక్సూచి పట్టుకుని ఒకే దిక్కున సాగే దారి అందులో సరళరేఖగా వస్తుంది, సముద్రం మీద అది వరం. కానీ ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ నేల సాగిపోతుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది కానీ, అసలు లెక్కలో ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. గ్రీన్‌లాండ్ మన దేశం కంటే కూడా చిన్నదే: మనది దాదాపు 33 లక్షల చదరపు కిలోమీటర్లు, దానిది 22 లక్షల లోపు. విస్తీర్ణాలు సరిగ్గా చూపించే 'ఈక్వల్ ఎర్త్' అనే పద్ధతి 2018లో వచ్చింది. మెర్కేటర్ పటం మానెయ్యాలన్న ప్రచారానికి 2025లో ఆఫ్రికన్ యూనియన్ కూడా మద్దతు పలికింది. పలకదా మరి!

అయితే విస్తీర్ణం సరిచేసినా రష్యా రష్యాయే. అందుకని కొందరు ఇంకో అడుగు వేశారు. 2006లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు 'వరల్డ్‌మ్యాపర్' అని పటాల వెబ్‌సైట్ ఒకటి మొదలుపెట్టారు. అందులో దేశం సైజు నేలని బట్టి ఉండదు, ఏ లెక్క చూపిస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. జనాభా పటంలో భారత్, చైనా ఉబ్బిపోతాయి, కెనడా దారంలా సన్నబడుతుంది, ఆస్ట్రేలియా ఎక్కడుందో వెతుక్కోవాలి. అయిదేళ్ళలోపు చనిపోయే పిల్లల పటం తెరిస్తే ఆఫ్రికా, దక్షిణాసియా వాచిపోయి కనిపిస్తాయి, యూరప్ దాదాపు మాయమవుతుంది. డాక్టర్ల పటంలో ఆ ఆఫ్రికాయే చిక్కి శల్యమవుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, పేజీల కొద్దీ వ్యాసం అక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, దేశాల ఆకారం తెలియనివాళ్ళకి అవి వికారంగా కనిపిస్తాయి తప్ప అర్థం కావు. మీ క్లాసులో పెడితే పక్కనే మామూలు పటం కూడా ఉండాలి.

సైజు విషయంలో పాత నియమం ఒకటుంది. నూరేళ్ళ కింద వియన్నాలో ఓటో నాయిరాత్ అనే ఆయన జనానికి లెక్కలు బొమ్మల్లో చూపించే మ్యూజియం పెట్టాడు. రెట్టింపు చూపించాలంటే బొమ్మని పెద్దది చెయ్యకు, అదే బొమ్మని రెండుసార్లు వెయ్యి అనేవాడు. ఎందుకో చూడండి. ఒక ఏడాది పంట ఒక బస్తా, మరుసటి ఏడాది రెండు బస్తాలు అనుకోండి. రెండో బస్తాని రెట్టింపు ఎత్తుతో గీస్తే వెడల్పు కూడా రెట్టింపవుతుంది, కాగితం మీద అది నాలుగు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అంకె రెండింతలు, కంటికి నాలుగింతలు. పేపర్లలో, టీవీల్లో ఈ మాయ ఇప్పటికీ నడుస్తోంది. వృత్తం గీస్తే వ్యాసం రెట్టింపు చెయ్యకండి, 1.41 రెట్లు చేస్తే చాలు, వైశాల్యం రెట్టింపవుతుంది. స్వాతీ, నీకు వర్గమూలాలు వచ్చు కదా, ఎందుకో తమ్ముడికి చెప్పు.

వృత్తాలు అన్నాను కాబట్టి హన్స్ రోస్లింగ్ గురించి చెప్పకుండా ఉండలేను. స్వీడన్ డాక్టర్. 1972లో కొన్నాళ్ళు మన బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో చదువుకున్నాడు. తర్వాత మొజాంబిక్‌లో పనిచేశాడు. కొడుకు ఓలా, కోడలు అన్నాతో కలిసి 'గ్యాప్‌మైండర్' అనే సంస్థ పెట్టాడు. వాళ్ళ బొమ్మలో పటమే ఉండదు. ఒక్కో దేశం ఒక్కో బుడగ. బుడగ సైజు జనాభా, రంగు ఖండం. కుడికి జరిగితే ఆదాయం పెరిగినట్టు, పైకి లేస్తే ఆయుర్దాయం పెరిగినట్టు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ బొమ్మ తెరిచి, ఏడాదిని 1800 దగ్గర పెట్టి ప్లే నొక్కండి. అన్ని దేశాలూ ఎడమవైపు అడుగున గుంపుగా ఉంటాయి, దాదాపు ఏ దేశంలోనూ సగటు ఆయుర్దాయం 40 దాటదు. 1918 వచ్చేసరికి బుడగలు ఒక్కసారిగా దబ్బున కిందపడతాయి: ప్రపంచమంతా పాకిన ఫ్లూ. 1960 దగ్గర చైనా బుడగ కూలుతుంది: కరువు. 1994లో రువాండా పడిపోతుంది: నరమేధం. ఈ మధ్యలో మన బుడగ నెమ్మదిగా, ఆగి ఆగి, పైకి పోతూనే ఉంటుంది. ఇప్పుడు 72 దగ్గర ఉన్నాం. 2006లో ఆయన స్టేజీ మీద ఈ బుడగల వెంట పరిగెడుతూ, క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు చెప్పుకుపోయాడు. ఆ వీడియో చూడండి, ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఫరవాలేదు.

ఆ బొమ్మలో అడుగున ఉన్న ఆదాయం గీత జాగ్రత్తగా చూడండి. 500, 1000, 2000, 4000 అని ఒక్కో మెట్టుకీ రెట్టింపవుతుంది. ఇది మోసం కాదు. రోజుకి వంద రూపాయలు వచ్చే ఇంటికి ఇంకో వంద వస్తే పిల్లల కంచంలో కూర మారుతుంది. రోజుకి పదివేలు వచ్చే ఇంట్లో ఆ వంద ఎటు పోయిందో కూడా తెలియదు. అందుకే ఎన్ని రూపాయలు పెరిగాయని కాక, ఎన్ని రెట్లు పెరిగాయని చూపిస్తారు.

ఇక మీ రంగుల దగ్గరికి వద్దాం. ఉదాహరణకి మన రాష్ట్రాలనే తీసుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత కేరళలో 94 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67, బీహార్‌లో 61.8. మీరు 60 నుంచి 70 వరకు ఒకే రంగు వేస్తే మనమూ బీహారూ ఒకటే. 65 దగ్గర గీత గీస్తే మనది ఒక రంగు, వాళ్ళది ఇంకో రంగు. అంకె ఒక్కటీ మారలేదు, పటం మారిపోయింది! ఆ గీత ఎక్కడ గియ్యాలో నిర్ణయించేది గీసేవాడే. కాబట్టి ఏ పటం చూసినా ముందు మూలనున్న రంగుల పెట్టె, అంటే ఏ రంగు ఎంతకో చెప్పే డబ్బా, చదవండి. మన 67 లోపల ఏముందో కూడా చూడండి: హైదరాబాద్ జిల్లా 83, కాస్త దూరంలోని మహబూబ్‌నగర్ జిల్లా 55. ఒకే రంగు పూసేస్తే మహబూబ్‌నగర్ ఎవరికీ కనిపించదు.

ఇంకో తిరకాసు. మన జనాభా లెక్కల్లో ఏడేళ్ళు, ఆపై వయసు వాళ్ళని లెక్కిస్తారు. ప్రపంచ దేశాల పట్టికల్లో చాలావరకు పదిహేనేళ్ళు దాటిన వాళ్ళ లెక్క ఉంటుంది. రెండూ ఒకే పటంలో కలపకండి. ఏ ఏడాది లెక్కో కింద తప్పకుండా రాయండి.

మీరు వేసిన ఎరుపు, ఆకుపచ్చ మార్చి, ఒకే రంగులో లేత నుంచి ముదురుకి వెళ్ళండి. ఆ రెండింటికీ తేడా తెలియని మగపిల్లలు ఏ క్లాసులోనైనా ఒకరో ఇద్దరో ఉండొచ్చు. స్వాతి అడిగింది, అంకె దొరకని దేశాలకి ఏం చెయ్యాలని. తెల్లగా వదిలేస్తే సున్నా అనుకుంటారు. బూడిదరంగు వేసి, రంగుల పెట్టెలో 'లెక్క దొరకలేదు' అని రాయండి. కొత్త చార్టు కావాలంటే అమ్మని అడగండి, నేను చెప్పానని చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య