నల్లమల పులుల లెక్కలో చెంచుల వాటా

నాలుగేళ్లకోసారి పులుల లెక్క బయటికొచ్చినప్పుడు నల్లమల ఒక్కరోజు వార్తల్లోకి ఎక్కుతుంది. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 68 అన్నారు. 2018లో ఆంధ్రకు 48, తెలంగాణకు 26. 2022లో ఆంధ్రకు 63, తెలంగాణకు 21. ఒక రాష్ట్రం సంబరపడుతుంది, ఇంకో రాష్ట్రం సంజాయిషీ చెప్పుకుంటుంది. కృష్ణకు ఇవతలా అవతలా ఉన్నది ఒకే అడవి అన్న సంగతి ఆ పూటకు ఎవరికీ గుర్తురాదు. ఆ లెక్క కోసం రాళ్లలో, వాగుల్లో తిరిగిందెవరో అసలే రాయరు.

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దేశవ్యాప్తంగా టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో, అంటే పులికే వదలాలన్న నడిమి అడవిలో, ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వాటి తరలింపు త్వరగా తేల్చమని దాని సారాంశం. నల్లమలలో తరలింపు మాట కొత్తదేమీ కాదు, ఈ లేఖతో మళ్లీ జోరందుకుంది. చిక్కేమిటంటే, అడవిలోంచి బయటికి రమ్మంటున్న పెంటల్లోంచే, అంటే చెంచుల గూడేల్లోంచే, పులికి కాపలా కాసే మనుషులూ వస్తున్నారు. ఈ చిక్కు పడటానికి ఎనభై ఏళ్లు పట్టింది.

అమ్రాబాద్ పీఠభూమి మీద ఇప్పుడు సఫారీ జీపులు తిరిగే ఫరహాబాద్ ఒకప్పుడు నిజాం షికారు చోటు. 1940ల మొదట్లో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అక్కడి చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవనాన్ని నమోదు చేశాడు. ఆయన సిఫారసు మీద 1942లో హైదరాబాద్ ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా కేటాయించింది. చెంచులు తమ అడవిలో తమ పద్ధతిలో బతకొచ్చన్నది ఉద్దేశం. చెంచుల కోసం అడవిని రిజర్వు చేసిన ఆ నేల మీదే నలభై ఏళ్లకు పులి కోసం రిజర్వు వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో టైగర్ రిజర్వు. విల్లంబులతో తిరిగేవాడి వేట నేరమైంది. అడుగు చూసి జంతువును చెప్పగల తెలివి మాత్రం సర్కారుకు అవసరమైంది.

ఎందుకు అవసరమైందంటే, అప్పట్లో పులుల లెక్కంటే అడుగుల లెక్కే. ఒడిశా అటవీ అధికారి ఎస్.ఆర్. చౌదరి 1960లలో రూపొందించిన పద్ధతి అది. అడుగు మీద గాజుపలక పెట్టి గీత గీసుకోవాలి, లేదంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసుకోవాలి. తర్వాత ఆఫీసులో కూర్చుని ఏది ఏ పులిదో తేల్చాలి. గీత ఎవరైనా గీస్తారు. కానీ ముందు అడుగు దొరకాలి కదా. నల్లమలలో నేల చాలావరకు రాయి. దారి మీద దుమ్ము పట్టిన చోట, వాగులో ఇసుక తేలిన చోట, వేసవిలో చెలమల అంచున మాత్రమే అడుగు నిలుస్తుంది. మగపులి వెనక పాదం గుర్తు దాదాపు చతురస్రంగా ఉంటే, ఆడపులిది కాస్త సాగి ఉంటుంది, వేళ్లు కోసుగా ఉంటాయి. అడుగు మీద మంచు చుక్కలు పడ్డ గుంటలుంటే పులి తెల్లవారకముందే పోయినట్టు. చీమలో పురుగులో దాని మీదుగా పాకిన గీతలుంటే రాత్రి పొద్దుపోకముందే దాటినట్టు. అంచులు రాలిపోతే నిన్నటిదో మొన్నటిదో. ఇది ఏ ట్రైనింగ్‌లోనూ ఒక వారంలో వచ్చే విద్య కాదు. కణితి (సాంబర్ జింక) ఒక్కసారి అరిచి ఊరుకోవడానికీ, చెట్టు మీద కొండముచ్చు ఆగకుండా మొత్తుకోవడానికీ తేడా కూడా అంతే.

ఆ తెలివికి రిజిస్టరులో పెట్టిన పేరు కూలీ. లెక్కల సీజన్‌లో పిలిచి, దారి చూపించుకుని, రోజుకూలీ ఇచ్చి పంపేవాళ్లు.

పైగా ఆ పద్ధతిలోనే లోపం ఉంది. ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో ఇంకోలా పడుతుంది, గీసే చేతిని బట్టి మారుతుంది. కాగితం మీద పులులు పెరుగుతూ పోయాయి. 2004-05లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని తేలడంతో దేశం ఉలిక్కిపడింది. 2005లో సునీతా నారాయణ్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ వేశారు, అడుగుల లెక్కకు స్వస్తి చెప్పారు.

నల్లమలకు మాత్రం ఆ ఏళ్లలో ఇంకో కథ నడిచింది. 1990ల నుంచి ఈ అడవి నక్సలైట్లకు కోట. ఫారెస్టు సిబ్బంది లోపలికి వెళ్లాలంటే హడలిపోయేవారు. పులుల లెక్క మాట అటుంచి రోజువారీ గస్తీకే దిక్కులేదు. చెంచుల పరిస్థితి అడకత్తెరలో పోక. అన్నం పెడితే పోలీసులతో తంటా, పెట్టకపోతే అన్నలతో. 2004 అక్టోబరులో శాంతిచర్చల కోసం నక్సలైట్ నాయకులు బయటికొచ్చింది కూడా ఈ అడవిలోంచే, ప్రకాశం జిల్లా చిన్న ఆరుట్ల దగ్గర. చర్చలు విఫలమయ్యాయి, తర్వాతి రెండు మూడేళ్లలో నల్లమలలో ఉద్యమం పలచబడిపోయింది. అడవి మళ్లీ ఫారెస్టు శాఖ చేతికి వచ్చింది.

చేతికొచ్చింది గానీ అందులో ఎవరుండాలి? అప్పుడు బేస్ క్యాంపులు వచ్చాయి. నలుగురైదుగురు చొప్పున అడవి నడుమ మకాం ఉండి రోజూ గస్తీ తిరగాలి, ఉచ్చులు ఏరాలి, ఎండాకాలం మంటలార్పాలి. ఆ పనికి దొరికిన మనుషులు చెంచులే. ప్రొటెక్షన్ వాచర్ అని పేరు పెట్టారు. నమ్మకంతోనే తీసుకున్నారని కొందరంటారు. తక్కువ జీతానికి అడవిలో రాత్రి పడుకునేవాళ్లు ఇంకెవరూ లేక తీసుకున్నారని నేనంటాను. రెండూ నిజమే కావచ్చు. ఏమైనా, నల్లమలలో పులి మళ్లీ నిలదొక్కుకున్న కాలమూ ఈ వాచర్ల కాలమూ ఒకటే.

ఆ తర్వాత కెమెరాలు వచ్చాయి. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు కూడా వేరే. అందుకే దారికి అటొకటి ఇటొకటి కెమెరాలు ఎదురెదురుగా కడతారు. 2018 లెక్కల్లో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి, గిన్నిస్ బుక్ కూడా ఎక్కింది. గస్తీ నమోదుకు ఎంస్ట్రైప్స్ అనే ఫోన్ యాప్ ఉంది. నడిచిన దారి జీపీఎస్‌లో పడుతుంది, కనిపించిన గుర్తును అక్కడికక్కడే ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ చారలు పోల్చిపెడుతుంది. సరే, ఆ కెమెరా ఏ మద్దిచెట్టుకు కట్టాలి? పులి ఏ మలుపులో ఆగి మూత్రం చిమ్ముతుంది, ఏ వాగుదారి పట్టుకుని నీళ్లకు దిగుతుంది? మ్యాపులో గడులు గీసి ఇస్తారు, గడిలో చోటు చూపించేది మళ్లీ పాత మనిషే. ఏ పులి ఎక్కడ తిరుగుతోందో తెలియడం ఎంత ముఖ్యమో 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు దొరికినప్పుడు అందరికీ తెలిసింది. తల్లి టీ-108 అనే నంబరున్న పులి అని గుర్తుపట్టారు. దాని దగ్గరికి చేర్చాలని రోజుల తరబడి చూసి, కుదరక చివరికి కూనల్ని తిరుపతి జూకు తరలించారు.

చెంచులంతా పుట్టుకతోనే అడవి సంరక్షకులని రాసే ధోరణి నాకు నచ్చదు. ఉచ్చులు పెట్టేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. సారా చాలా పెంటల్ని పిండేసింది. దోర్నాల, మన్ననూరు హాస్టళ్లలో చదివే పిల్లలకు తాతల అడుగుల విద్య అబ్బడం లేదు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. వాదన మంచితనం గురించి కాదు, పని గురించి. ఇన్నేళ్లుగా ఒక పని చేస్తున్నవాళ్లకు ఆ పని మీద మాట చెల్లుతోందా లేదా అన్నదే ప్రశ్న.

చట్టం ప్రకారం చెల్లాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ వన్యప్రాణుల్ని, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కులు, అంటే తరతరాలుగా బతుకుతున్న అడవి ప్రాంతం మీద హక్కులు, కూడా అదే చట్టంలో ఉన్నాయి. కోర్‌లోంచి తరలించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి, హక్కులు ముందు తేల్చాలి. 2017లో ఇదే పులుల సంస్థ కోర్ ప్రాంతాల్లో హక్కులివ్వొద్దని ఉత్తర్వు ఇచ్చి మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. తరలింపు ప్యాకేజీ కుటుంబానికి 10 లక్షలుండేది, 2021లో 15 లక్షలకు పెంచారు. కొందరు చెంచులు, ముఖ్యంగా బడి, ఆస్పత్రి దూరమని విసిగినవాళ్లు, ఆ డబ్బు తీసుకుని దిగిపోదామనే అంటున్నారు. అది వాళ్ల ఇష్టం. దిగాక అడవి ఎవరు చూస్తారన్నది ఇంకో లెక్క.

కర్ణాటక బిలిగిరి రంగన కొండల్లో ఈ ముడిని ఇంకోలా విప్పారు. అక్కడి సోలిగ గిరిజనులను 1970లలో అడవిలోంచి కదిలించారు. 2011లో అది టైగర్ రిజర్వు అయింది. అదే ఏడాది అక్టోబరులో 25 గ్రామసభలకు సామూహిక అటవీ హక్కుల పత్రాలు అందాయి. పులి, సోలిగ రెండూ అక్కడే ఉన్నాయి. తేనె, ఉసిరి ఎంత తీయాలో, అడవిని కమ్మేసే లాంటానా కలుపు పొదల్ని ఏం చేయాలో గ్రామసభ మాట్లాడగలుగుతోంది. కేరళ పెరియార్‌లో అయితే దాల్చిన చెక్క దొంగతనంగా కొట్టినవాళ్లనే 1990ల చివర్లో గస్తీలోకి, టూరిస్టుల గైడింగ్‌లోకి తెచ్చి, ఆ ఆదాయంలో వాటా ఇచ్చారు. రెండు చోట్లా గొడవలు లేకపోలేదు. కానీ రెండు చోట్లా అడవి మనిషి కూలీ పద్దులోంచి కనీసం ఒక మెట్టు పైకి వచ్చాడు.

నల్లమలలో సామూహిక బలం పనిచేసిన సందర్భం లేకపోలేదు. అమ్రాబాద్‌లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు పెంటల నుంచి హైదరాబాద్ దాకా గొంతు లేచింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. తవ్వకం వద్దనడంలో ఆ మాట చెల్లింది. బేస్ క్యాంపు ఎక్కడుండాలి, వాచర్‌కు జీతం నెలనెలా ఎలా పడాలి, ఏ పెంట కదలాలి ఏది ఉండాలి అన్న విషయాల్లో మాత్రం నిర్ణయం ఇప్పటికీ డివిజన్ ఆఫీసులోనే జరుగుతోంది.