బెజవాడలో పెళ్ళి ప్రపోజల్: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో పెళ్ళి ప్రపోజల్స్‌కి ఏర్పాట్లు చేయడం నా పని. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకునే జంటలు వీకెండ్‌కి ఇక్కడికి వస్తారు. రెండు రోజులు కృష్ణ ఒడ్డున తిరుగుతారు, అందులో ఒక సాయంత్రం ఉంగరం బయటికి తీస్తారు. నాకు ఫోన్ చేసేది ఎక్కువగా అబ్బాయిలే, ఈ మధ్య అమ్మాయిలూ చేస్తున్నారు. ఎవరు చేసినా అవే అనుమానాలు, అవే నమ్మకాలు. కొన్ని నమ్మకాల వల్ల డబ్బు దండగ, అంతే. కొన్నిటి వల్ల ఎదుటి మనిషి నొచ్చుకుంటుంది. ముందు ఆ రెండో రకం గురించి చెప్తాను.

అపోహ: జవాబు కూడా సర్‌ప్రైజ్‌గా ఉంటేనే మజా.

వాస్తవం: ఎప్పుడు, ఎక్కడ అన్నది సర్‌ప్రైజ్‌గా ఉండొచ్చు. జవాబు మాత్రం ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. ఫోన్ ఎత్తగానే నేను అడిగే మొదటి ప్రశ్న బడ్జెట్ గురించి కాదు. "పెళ్ళి గురించి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా అండీ?" అని అడుగుతాను. ఏ ఊళ్ళో ఉండాలి, ఆమె ఉద్యోగం సంగతేంటి, అమెరికా ఆలోచన ఉందా, కులం వేరైతే ఇంట్లో ఎవరు ముందు నోరు విప్పాలి, పెద్దవాళ్ళను ఎవరు చూసుకోవాలి... ఇవన్నీ ఉంగరం కొనకముందు తేలాల్సిన విషయాలు. "లేదండీ, అడిగాక మాట్లాడుకుంటాం" అంటే, నెల రోజులు ఆగి మళ్ళీ ఫోన్ చేయమంటాను. అలా ఆగి, మాట్లాడుకుని వచ్చిన జంటల ముఖాల్లో టెన్షన్ తక్కువ, సంతోషం ఎక్కువ.

ఇంకో రకం ఫోన్లు వస్తాయి. "అమ్మాయికి ఇంకా తెలీదండీ, మీరు గ్రాండ్‌గా ఏర్పాటు చేస్తే ఒప్పుకుంటుంది" అని. అలాంటివి ఎంత డబ్బిచ్చినా తీసుకోను. పరిచయం మాత్రమే ఉన్న అమ్మాయిని పూలూ లైట్లూ పెట్టి నలుగురి ముందు నిలబెడితే అది ప్రేమ కాదు, ఒత్తిడి. వద్దని చెప్పిన అమ్మాయి వెంట పదే పదే పడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం కూడా. పెళ్ళి అడగాల్సింది అప్పటికే ప్రేమలో ఉన్న మనిషిని.

అపోహ: నలుగురి ముందు అడిగితేనే ప్రేమ ఎంతుందో తెలుస్తుంది.

వాస్తవం: మన ఊళ్ళో ఆ నలుగురిలో ఒకరు తప్పకుండా చుట్టమై ఉంటారు. వేరే వాళ్ళు ఏర్పాటు చేసిన ఒక ప్రపోజల్‌కి ఫొటోల కోసం మా టీమ్‌ని పిలిచారు. రూఫ్‌టాప్ రెస్టారెంట్, శనివారం రాత్రి, అన్ని టేబుళ్ళూ నిండి ఉన్నాయి. పాట ఆపి మైకు అబ్బాయి చేతికిచ్చారు. అతను మోకాలి మీద కూర్చోగానే చుట్టూ ఫోన్లు లేచాయి. అమ్మాయి నవ్వింది, తల ఊపింది, చప్పట్లు మోగాయి. పది నిమిషాల తర్వాత వాష్‌రూమ్ దగ్గర నన్ను ఆపింది. చెంగుతో మెడ మీద చెమట తుడుచుకుంటూ, "అక్కా, ఆ పక్క టేబుల్ వాళ్ళు తీసిన వీడియో డిలీట్ చేయించగలరా? మా పెదనాన్న షాపు ఇక్కడే గవర్నర్‌పేటలో. ఇంట్లో ఇంకా ఏమీ తెలీదు" అంది. అబ్బాయంటే ఆమెకు ఇష్టమే. కానీ ఆ క్షణం ఆమె చేతిలో లేకుండా పోయింది. పక్క టేబుల్ వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి డిలీట్ చేశారు. అందరూ అలా ఉండరు.

తనకు జనం ఇష్టమని, పెద్ద సందడి కావాలని ఆమే ఎప్పుడైనా అని ఉంటే సరే, అలాగే చేద్దాం. తెలీకపోతే ఏకాంతమే ఎంచుకోండి. ఫొటోగ్రాఫర్‌ని దూరంగా, లాంగ్ లెన్స్‌తో నిలబెడితే ఫొటోలు వస్తాయి, ఆమెకు ఊపిరీ ఆడుతుంది.

అపోహ: బెజవాడలో ఏముంది, ఎండ తప్ప? వైజాగో గోవానో వెళ్ళాలి.

వాస్తవం: ఎండ మాట నిజమే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ప్రపోజల్ పెట్టుకోవద్దని నేనే చెప్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రం ఈ ఊరి సాయంత్రాలకు సాటి లేదు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నది సరస్సులా నిలిచి ఉంటుంది, సూర్యుడు అస్తమించేదీ ఆ వైపే. 1957లో వాడకంలోకి వచ్చిన ఈ బ్యారేజీ పొడవు కిలోమీటరు పైనే. చీకటి పడ్డాక దాని దీపాల వరుస నీళ్ళలో కనిపిస్తుంది. దాన్ని దూరం నుంచి చూస్తేనే అందం. బ్యారేజీ మీద బండి ఆపి మోకాలి మీద కూర్చోవాలని కొందరు అడుగుతారు. అది రోజంతా ట్రాఫిక్ ఉండే దారి, పోలీసులు ఆపనివ్వరు, ఆపకూడదు కూడా. ఒడ్డున నది కనిపించే హోటల్ బాల్కనీ గానీ, పున్నమి ఘాట్ వైపు గానీ చూసుకోండి.

టైమ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నవంబరు చివర్లో ఇక్కడ సూర్యాస్తమయం 5:30 దాటగానే అయిపోతుంది. జూన్‌లో అయితే 6:40 దాటాక. "ఆరింటికి వస్తామండీ" అని డిసెంబరులో అంటే, మీరొచ్చేసరికి చీకటే ఉంటుంది. సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందు అక్కడ ఉండేలా చూసుకోండి. ఆమె చీర కట్టుకుని తయారవడానికి పట్టే టైమ్, బెంజి సర్కిల్ ట్రాఫిక్ అన్నీ అందులో కలుపుకోవాలి.

ఉండవల్లి గుహలు నాకు చాలా ఇష్టమైన చోటు. కొండను తొలిచిన నాలుగంతస్తులు, లోపల శయనించిన అనంతపద్మనాభుడు, పైనుంచి పచ్చటి పొలాలు. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అక్కడ బెలూన్లు, పూల ఆర్చ్‌లు కుదరవు, ట్రైపాడ్ పెట్టి షూట్ చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పొద్దున్నే వెళ్ళి ఇద్దరూ తిరిగి రండి, ఉంగరం సాయంత్రానికి ఉంచండి. దసరా నవరాత్రుల్లో మాత్రం ఈ ఊళ్ళో ఏ ప్లానూ పెట్టుకోవద్దు. అమ్మవారి దర్శనానికి వచ్చే లక్షల మందితో దారులన్నీ మళ్ళిస్తారు.

అపోహ: నది మధ్యలో, బోటు మీద నిలబడి అడిగితే అదిరిపోతుంది.

వాస్తవం: దీని గురించి గట్టిగానే చెప్తాను. 2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం వైపు ఉన్న పవిత్ర సంగమం ఘాట్ దగ్గర అనుమతి లేని ప్రైవేటు బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఈ ఊరు ఆ సాయంత్రాన్ని మర్చిపోలేదు. చిన్న బోటులో ఒకరు లేచి, ఇంకొకరు మోకాలి మీదకు వంగి, ఫొటోగ్రాఫర్ అదే పక్కకు జరిగితే బరువంతా ఒక వైపుకి వచ్చేస్తుంది. అందుకే నేను పర్యాటక శాఖ నడిపే బోట్లే ఒప్పుకుంటాను. లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, ఫొటోలో బాగోదని తీయడానికి వీల్లేదు. ఉంగరం భవానీ ద్వీపంలో దిగాకే. 133 ఎకరాల దీవి అది, చెట్ల కింద ఇద్దరికి చోటు దొరక్కపోదు. కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వనభోజనాల జనంతో నిండిపోతుంది, వారం మధ్యలో వెళ్ళండి. తిరుగు బోటు టైమ్ ముందే కనుక్కోండి, చీకటి పడ్డాక బోట్లు ఉండవు.

వానాకాలంలో బోటు మీద ఆశ పెట్టుకోవద్దు. ఎగువ నుంచి వరద రాగానే బోటింగ్ ఆపేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో బుక్ చేసుకునేవాళ్ళకు నేను ఒడ్డు మీద ఇంకో చోటు కూడా సిద్ధంగా ఉంచుతాను.

అపోహ: పెళ్ళి కాని జంట హోటల్ గదిలో ఉంటే పోలీసు కేసు.

వాస్తవం: అలాంటి చట్టం లేదు. పెళ్ళి కాని ఇద్దరు మేజర్లు హోటల్ గదిలో ఉండకూడదని ఏ చట్టంలోనూ లేదని 2019లో మద్రాస్ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. అయితే గది ఇవ్వాలా వద్దా అన్నది ఆ హోటల్ సొంత రూలు. కొన్ని చోట్ల లోకల్ అడ్రస్ ఉన్న ఆధార్ చూస్తే గది ఇవ్వరు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి సూటిగా అడగండి, ఇద్దరి ఐడీలూ ఒరిజినల్స్ తెచ్చుకోండి. రిసెప్షన్‌లో ఆమె తల దించుకుని నిలబడే పరిస్థితి రానివ్వకండి. రెండు గదులు కావాలని ఆమె అంటే రెండు గదులే తీసుకోండి. దాని మీద చర్చ అనవసరం.

అపోహ: ఉంగరం వజ్రంది కాకపోతే చిన్నతనం. రెండు నెలల జీతమైనా పెట్టాలి.

వాస్తవం: ఆ జీతం లెక్క డీ బీర్స్ వజ్రాల కంపెనీ ప్రకటనల్లోంచి వచ్చింది, మన పెద్దల నోట్లోంచి కాదు. సన్నటి బంగారు ఉంగరం చాలు. కొనేటప్పుడు ఉంగరం లోపలి వైపు హాల్‌మార్క్, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ (ఆ నగ గుర్తింపు నంబరు) ఉన్నాయేమో చూడండి. 2023 ఏప్రిల్ నుంచి ఆ కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ కోడ్ కొడితే వివరాలు వస్తాయి. సైజు కోసం ఆమె రోజూ పెట్టుకునే ఉంగరం ఒక్క గంట దొరికితే చాలు, కంసాలి కొలిచి ఇస్తాడు. ఏ వేలిదో మాత్రం గుర్తుపెట్టుకోండి. చుట్టూ రాళ్ళు పొదిగిన మోడల్ తీసుకుంటే తర్వాత సైజు మార్చడం కష్టం.

అపోహ: ఆషాఢంలో, మూఢంలో ప్రపోజ్ చేయకూడదు.

వాస్తవం: ముహూర్తం పెళ్ళికి, తాంబూలాలకి. మీరిద్దరూ మనసులో మాట చెప్పుకోవడానికి పంచాంగం అక్కర్లేదు. ఆమెకు ఆ పట్టింపు ఉంటే మాత్రం గౌరవించండి.

అపోహ: ఎన్ని కొవ్వొత్తులు, ఎన్ని బెలూన్లు ఉంటే అంత బాగుంటుంది.

వాస్తవం: నది గాలికి కొవ్వొత్తులు నిలవవు. నేను గాజు చిమ్నీల్లో కొన్ని, మిగతావి బ్యాటరీ దీపాలు పెడతాను. గ్యాస్ బెలూన్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చవగ్గా దొరికే గ్యాస్ బెలూన్లలో హైడ్రోజన్ ఉండొచ్చు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. హీలియం అని నమ్మకంగా తెలిస్తేనే వాడండి, లేదంటే మామూలు గాలి నింపిన బెలూన్లను ఫ్రేముకి కట్టించుకోండి. నిజానికి మల్లెల సీజన్‌లో వన్‌టౌన్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన నాలుగు మూరల దండ చేసే పని ఏ బెలూన్ ఆర్చీ చేయలేదు. సాయంత్రం విచ్చుకునే పూలు కాబట్టి మధ్యాహ్నం మొగ్గలుగానే తెప్పించి తడిబట్టలో ఉంచుతాను. సరిగ్గా ఉంగరం తీసే వేళకి వాసన మొదలవుతుంది.

డ్రోన్ సంగతి ఒక్క మాట. 250 గ్రాములు దాటిన ఏ డ్రోన్‌కైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ చోట ఎగరేయొచ్చో లేదో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. "ఏం కాదు సార్" అనే ఆపరేటర్‌ని పెట్టుకోవద్దు.

అపోహ: ముందు స్టేటస్ పెట్టేస్తే ఇంట్లోవాళ్ళు చచ్చినట్టు ఒప్పుకుంటారు.

వాస్తవం: కన్నవాళ్ళకు కూతురి పెళ్ళి వార్త వాట్సాప్ స్టేటస్‌లో కనబడటం చాలా పెద్ద దెబ్బ. అప్పటిదాకా మెత్తబడుతున్న నాన్న కూడా ఆ రోజు బిగుసుకుపోతాడు. మేం తీసిన ఫొటోలు ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకోకుండా మా పేజీలో కూడా పెట్టం. ముందు ఇంట్లో చెప్పండి, మీ నోటితో, ఎదురుగా కూర్చుని. వీలైతే ఆ వారంలోనే. వాళ్ళు ఒప్పుకోవడానికి ఆరు నెలలు పడితే ఆ ఫొటోలు ఆరు నెలలు ఫోన్‌లోనే ఉంటాయి, పాడైపోవు.

అపోహ: "టైమ్ కావాలి" అంటే వద్దన్నట్టే.

వాస్తవం: కాదు. ఎంత ముందే మాట్లాడుకున్నా, ఉంగరం కళ్ళ ముందు కనబడేసరికి మనసు ఒక్కసారి ఆగుతుంది. "సరే, నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు చెప్పు" అని ఉంగరం డబ్బా మూసి, భోజనం ఆర్డర్ చేయండి. ఎందుకు, ఏమైంది అని ఆ టేబుల్ దగ్గరే గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆ మాట వినగానే మా వాళ్ళు కెమెరాలు దించి అక్కణ్ణుంచి తప్పుకుంటారు, కేకూ పాటా ఆపేస్తారు. ప్రతి బుకింగ్‌కీ డ్రైవర్‌తో ఒక కారు విడిగా ఉంచుతాను. ఆమె ఒంటరిగా హోటల్‌కి వెళ్తానన్నా, బస్టాండ్‌కి వెళ్తానన్నా దించిరావడానికి. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో హైదరాబాద్ బస్సులు అర్ధరాత్రి దాటాక కూడా దొరుకుతాయి. ఆ కారు ఖర్చు దండగ కదా అని బేరమాడిన వాళ్ళున్నారు. అది నా ప్యాకేజీలోంచి తీయను, దానికి విడిగా డబ్బూ తీసుకోను.